గరిటెడా, గంటెడా? ఇంతకీ అది ఎన్ని మిల్లీలీటర్లు?

ఆటవెలదిప్రియ:
వేమన పద్యమే, ఎవరికి రాదు? అయినా ఒక్క మాట దగ్గర నాలుక తడబడుతోంది. ‘గంగిగోవు పాలు ...డైనను చాలు, కడివెడైన నేమి ఖరము పాలు’. ఆ ఖాళీలో ఉన్నది గరిటెనా, గంటెనా? పాత కొలతలకీ కొత్త కొలతలకీ లంకె కుదిర్చే పట్టిక ఒకటి రాస్తున్నాను. పైన ఈ రెండు పాదాలూ పెట్టి పక్కన మి.లీ.లు వేద్దామని ఆశ. గిద్ద, సోల, తవ్వ, మానిక వరుసతో పేచీ లేదు. గరిటె ఆ వరుసలో ఎక్కడ కూర్చుంటుంది?

అరసున్న:
గరిటె సంగతి తర్వాత. ముందు ‘చాలు’ని ‘జాలు’ చేయండి. ‘ఐనను’ ద్రుతాంతం (చివర నకారం ఉన్న మాట), దాని మీది పరుషం (క, చ, ట, త, ప) సరళం (గ, జ, డ, ద, బ) కావాలి. అనుమానముంటే రెండో పాదం చూడండి: కడివెడైనన్ + ఏమి, ‘కడివెడైన నేమి’. అక్కడ బయటపడ్డ నకారమే ఇక్కడ ‘చ’ని ‘జ’ చేసింది. రెండో పాదంలో ఒప్పుకున్న వ్యాకరణాన్ని మొదటి పాదంలో వద్దంటే కుదరదు.

ఓరుగల్లుపోరడు:
చాలన్నా జాలన్నా పాలు పాలే గానీ, అది గంటెడే. మా దిక్కు వంటింట్ల గంటె తప్ప గరిటె వినపడదు. మూడో పాదం సూడున్రి: ‘భక్తిగలుగు కూడు పట్టెడైనను’. గంటెడై, పట్టెడై. రెండింటికీ గురువు, లఘువు, గురువు. ఒక్క తీరున నడుస్తున్నయి. గరిటె పెడితే ఆ జోడి చెడుతది.

యతిభంగం:
జోడీ ముచ్చటగానే ఉంది, కానీ ఛందస్సుని సాక్ష్యానికి పిలిస్తే అది ఇద్దరి పక్షానా చెబుతుంది. గరిటెడై అంటే నగం (మూడు లఘువులు, గురువు), గంటెడై అంటే రగణం (గురువు, లఘువు, గురువు). రెండూ ఇంద్రగణాలే, నాలుగో గణంలో ఏది వేసినా పాదం నిలుస్తుంది. యతికీ (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరాల్సిన మైత్రి) అభ్యంతరం లేదు: గం–గ, గం–గం. ఇక జోడీయే కావాలంటే గరిటె–కడివె చూడండి, మూడేసి లఘువులు. ఎదురెదురుగా నిలబెట్టింది ఆ రెండు పాత్రలనే కదా. పట్టెడు కూడు మూడో పాదం సంగతి.

సీమగెంటె:
మీరిద్దరూ కొట్టుకోండి. మా పక్క దాన్ని గెంటె అంటారు. కటారుపల్లి మా సీమలోనే ఉంది. అక్కడ సమాధి ఉన్న వేమన నోట గెంటెడనే వచ్చుంటుంది. తర్వాత రాసుకున్నవాళ్ళు దిద్దుంటారు.

యతిభంగం:
రాకూడదండీ, అదే చిక్కు. గెంటెడై కూడా రగణమే, గణాలకు లోటు లేదు. యతి దగ్గర పడిపోతుంది. ‘గం’లో ఉన్నది అకారం, ‘గె’లో ఎకారం. అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు. ఇ, ఈ, ఎ, ఏ ఇంకో జట్టు. హల్లు కలిసినా అచ్చు కలవదు. ప్రాసయతితో (యతి బదులు రెండో అక్షరాల హల్లు కలపడం) గట్టెక్కిద్దామన్నా గంగిలో ‘గి’, గెంటెలో ‘టె’. పొసగదు. మాట్లాడేటప్పుడు గెంటె అన్నాడేమో గానీ, పద్యంలో అనడానికి వీల్లేదు.

సీమగెంటె:
వేమన యతులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడంటారా? ఆయన పేరు మీదున్న పద్యాల్లో యతి తప్పినవి కావలసినన్ని.

అరసున్న:
‘పేరు మీదున్న’ అన్నారు చూడండి, సగం జవాబు అందులోనే ఉంది. బ్రౌన్ 1829లో అచ్చు వేయడానికి ముందు ఈ పద్యాలు ఎన్ని నోళ్ళలో, ఎన్ని తాటాకుల మీద మారాయో. గంటె ఊళ్ళో గంటెడు, గరిటె ఊళ్ళో గరిటెడు. రెండూ ఛందస్సులో ఇమిడిపోతున్నాయి కాబట్టే రెండూ బతికాయి. గెంటెడు ఇమడలేదు, పోయింది.

కుంచెడుజ్ఞానం:
అసలు ప్రశ్న కొలత గురించి కదా, అటు వస్తాను. నా సిద్ధాంతం: వేమన చెప్పదలచుకున్నది గిద్దెడు. ‘గిద్దెడైనను’ అంటే యతి చెల్లదు (పై వ్యాఖ్యకు ధన్యవాదాలు), కాబట్టి అంతే పట్టే గరిటెను తెచ్చి కూర్చోబెట్టాడు. లెక్క చూడండి. 4 గిద్దలు సోల, 2 సోలలు తవ్వ, 2 తవ్వలు మానిక, అంటే మానికకు 16 గిద్దలు. 4 మానికలు కుంచం, 64 గిద్దలు. రెండు కుంచాలు ఇరస, 128 గిద్దలు. ఇప్పుడు మామూలు గరిటె బొచ్చె 7 సెంటీమీటర్ల వెడల్పు, కడివ కడుపు లోపలి వెడల్పు 28 సెంటీమీటర్లు అనుకోండి. గరిటె అర్ధగోళం: 0.2618 × 7 × 7 × 7, దాదాపు 90 మి.లీ. కడివ గోళం: 0.5236 × 28 × 28 × 28, దాదాపు 11,494 మి.లీ. భాగించండి. 128! గరిటె గిద్ద అయితే కడివ సరిగ్గా ఇరస. వేమన నిష్పత్తి ఒకటికి నూట ఇరవై ఎనిమిది.

తూనికలాయన:
కుంచెడు గారూ, 7నీ 28నీ మీరే ఎంచుకున్నారు. 28ని 7తో భాగిస్తే 4, నాలుగుని మూడుసార్లు హెచ్చిస్తే 64, గోళానికీ అర్ధగోళానికీ తేడా రెండింతలు. 128 రాక ఏమవుతుంది? గరిటె 8 సెంటీమీటర్లు చేయండి, 134 మి.లీ. అవుతుంది, ఒక్క సెంటీమీటరుకి దాదాపు సగం పెరిగింది. కడివ 30 చేయండి, 14.1 లీటర్లు. మీ నిష్పత్తి 105కి దిగిపోతుంది. వెడల్పు ఘనంలో పడేచోట కంటితో చూసి సంఖ్య వేస్తే ఇంతే. పైగా ప్రతి గరిటె బొచ్చెకూ పూర్తి అర్ధగోళమంత లోతుండదు. సాంబారు గరిటె లోతుగా ఉంటుంది, దోసె గరిటె పళ్ళెంలా ఉంటుంది.

ఇక పట్టిక విషయం. గిద్ద ఇన్ని మి.లీ. అని ఒక్క సంఖ్య రాయకండి. నిష్పత్తులు అన్నిచోట్లా దాదాపు ఒకటే, మొదటి మానిక మాత్రం ఊరూరికీ వేరు. మానిక లీటరు పట్టే చోట తవ్వ 500, సోల 250, అరసోల 125, గిద్ద 62.5 మి.లీ. లీటరున్నర పట్టే చోట తవ్వ 750, సోల 375, గిద్ద 93.75. రెండూ ‘సోలెడే’. అందుకని పట్టికలో మొదటి గడి ఖాళీగా వదలండి. ఇంట్లో ఉన్న పాత్రను కొలిచి అక్కడ వేసుకుంటే మిగతావన్నీ వాటంతట అవే వస్తాయి.

ఆటవెలదిప్రియ:
పాత ఇత్తడి సోల కొలవాలంటే పద్ధతి ఏమిటి? అంచుదాకా నీళ్ళు పోసి కొలపాత్రలోకి వంచితే సరిపోదా?

తూనికలాయన:
వంచితే తడి లోపలే ఉండిపోతుంది, కొంత అంచు వెంట జారి బయట పడుతుంది. తూకమే మేలు. పొడి సోలను ఎలక్ట్రానిక్ తక్కెడ మీద పెట్టి సున్నా చేయండి. దాన్ని కదపకుండా చెంబుతో నీళ్ళు పోయండి. ఎన్ని గ్రాములొస్తే అన్ని మి.లీ. ముప్పై డిగ్రీల దగ్గర నీళ్ళ సాంద్రత 0.9957 కాబట్టి 250 గ్రాములంటే నిజానికి 251 మి.లీ., వంటింటికి అది లెక్కలోకి రాదు.

పొరపాటంతా అంచు దగ్గరే జరుగుతుంది. నిండిందనుకున్నాక కూడా నీళ్ళు అంచు మీద ఉబ్బి రెండు మిల్లీమీటర్లు నిలబడతాయి. మూతి వెడల్పు 8 సెంటీమీటర్లయితే ఒక్కో మిల్లీమీటరుకీ 5 మి.లీ. చొప్పున 10 మి.లీ. దొంగలెక్క, పావులీటరు సోలలో నూటికి నాలుగు. అందుకే గాజు బిళ్ళను అంచు మీద పక్కనుంచి జరపాలి. ఎక్కువైన నీరు పొర్లిపోతుంది, తక్కువైతే బిళ్ళ కింద గాలిబుడగ కనిపిస్తుంది. బుడగ పోయేదాకా చుక్క చుక్కగా పోసి, బయట కారింది తుడిచి, అప్పుడు సంఖ్య చూడాలి. బిళ్ళ బరువు తీసివేయడం మర్చిపోకండి.

సొట్టలు కూడా చూడండి. అడుగు లోపలికి పోయిన సోల తక్కువ పట్టడం సహజం. గిద్ద, సోల రెండూ ఉంటే నాలుగు గిద్దలు పోసి చూడండి. సరిపోకపోతే అవి ఒక జట్టువి కావు.

ఓరుగల్లుపోరడు:
బియ్యం పోసి కొలిచిన సోలకీ పాలు పోసిన సోలకీ ఫరకుంటది, అది కూడా రాయున్రి. బియ్యం అంచు మీద గోపురం లెక్క పేరుస్తరు. పాలు పేరవు. ఒక్క పాత్రే, సరుకు మారితే కొలత మారె. పాతలెక్కల్ల ‘సోలెడు’ అని కనపడంగనే ఏం సరుకో అడగాలె.

తూనికలాయన:
నూటికి నూరుపాళ్ళు. పైన రాశి పోసిన కొలతా, కర్రతో గీసిన కొలతా తేల్చుకోకుండా పాత ధాన్యం లెక్కల్ని లీటర్లలోకి మార్చడం దండగ.

వైద్యపరిభాష:
ద్రవాలూ ఘనాలూ వేరన్న మాట వచ్చింది కాబట్టి: మన ఆయుర్వేద పరిభాషలో ఇది ఎప్పుడో సూత్రం అయిపోయింది, ద్రవద్వైగుణ్యం. 4 కర్షలు పలం, 4 పలాలు కుడవం, 4 కుడవాలు ప్రస్థం, 4 ప్రస్థాలు ఆఢకం, 4 ఆఢకాలు ద్రోణం. కర్ష 12 గ్రాములు తీసుకుంటే పలం 48, కుడవం 192, ప్రస్థం 768. కుడవం దగ్గర్నుంచి పైకి ద్రవమైతే రెట్టింపు. ప్రస్థం తైలం అంటే 768 కాదు, 1,536. ఈ రెట్టింపు మరిచి తైలం కాస్తే కల్కం (నూరిన మందు ముద్ద) పాళ్ళు తప్పి అడుగంటుతుంది. వేమన గరిటెడు అంటే నా లెక్కలో రెండు పలాలు.

అరసున్న:
పలం ఏ పలం? మద్రాసు లెక్కలో వీశెకు 40 పలాలు, వీశె 120 తులాలు, పలం 3 తులాలు, అంటే 35 గ్రాములు. మీ పలం 48. చింతపండు కొట్లో పలానికీ మందుల కొట్లో పలానికీ మూడో వంతుకు పైగా తేడా.

వైద్యపరిభాష:
మా పలం నాలుగు కర్షలు, అంతే. కొట్లో పలంతో కషాయం కాచేవాళ్ళకు మా బాధ్యత లేదు.

కుంచెడుజ్ఞానం:
పలం తూకం కదా, గరిటె పరిమాణం. రెండింటినీ కలిపేసి నన్ను మాత్రం తిడుతున్నారు.

తూనికలాయన:
ఆ మాట నిజం. తూకం, కొలత కలిపేయడం వల్లే సగం పట్టికలు తప్పుతాయి. శేరు చూడండి. 80 తులాల శేరు తూకంలో 933.1 గ్రాములు. తూచిన శేరు పాలు, సాంద్రత 1.03 వేసుకుంటే 906 మి.లీ. తూచిన శేరు వేరుశనగ నూనె, 0.91 చొప్పున 1,025 మి.లీ. ఇవి కాక కొలిచే శేరు వేరే ఉంది, మానికకే చాలాచోట్ల ఆ పేరు. ‘శేరు అంటే ఎంత’ అని ఎవరైనా అడిగితే ఏ శేరు, ఏ సరుకు అని తిరిగి అడగాల్సిందే.

ఇప్పటికీ ఈ మోసం నడుస్తోంది. నూనె డబ్బాల్లో 15 కిలోలదీ ఉంది, 15 లీటర్లదీ ఉంది. 15 కిలోలు అంటే దాదాపు 16.5 లీటర్లు. 15 లీటర్లు అంటే 13.65 కిలోలే. పక్కపక్కన పెడితే ఒక్కలాగే కనిపిస్తాయి, ధరలో తేడా ఉందని చవకది తీసుకుంటే కిలో ముప్పావు తక్కువ రావచ్చు.

యతిభంగం:
15 లోంచి 13.65 పోతే 1.35. కిలో ముప్పావు కాదు, కిలోన్నర కూడా లేదు. యతి తప్పితే మేం చూసుకుంటాం, కూడికలు తప్పితే ఎవరు చూస్తారు?

తూనికలాయన:
1.35 కిలోలు, అదే ఖాయం చేయండి. లీటరు ప్యాకెట్ మీద పక్కనే గ్రాములు కూడా ముద్రిస్తారు, 910 చుట్టుపక్కల ఉంటుంది. చూసేవాళ్ళే తక్కువ.

డల్లాస్‌వంటిల్లు:
ఇక్కడ మాకు ఇంకో అవస్థ. పద్యం నేర్పుతుంటే పిల్లలు ‘గరిటె అంటే ఎన్ని కప్పులు’ అని అడుగుతారు. అమెరికా కప్పు 236.6 మి.లీ., ప్యాకెట్ల మీద పోషకాల పట్టికలో దాన్నే 240 చేస్తారు. మెట్రిక్ కప్పు 250. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180, దాన్ని మామూలు కప్పనుకొని నీళ్ళు వేరే కప్పుతో పోస్తే అన్నం ముద్దే. పెద్ద చెంచా 15 మి.లీ., ఆస్ట్రేలియాలో 20. ఒకే వంట వీడియో మూడు దేశాల వాళ్ళు చూసి మూడు రకాలుగా వండుకుంటారు.

గ్యాలన్ దగ్గర మరీ జాగ్రత్త. ఇక్కడి పాల గ్యాలన్ 3.785 లీటర్లు. బ్రిటిష్ గ్యాలన్ 4.546. పాత తెలుగు పుస్తకాల్లో, కాగితాల్లో గ్యాలన్ అని ఉంటే అది బ్రిటిష్‌దే, మెట్రిక్ రాకముందు మన దేశంలో నడిచింది అదే. ఇక్కడి సంఖ్యతో హెచ్చిస్తే ఆరోవంతు కోత పడుతుంది.

సీమగెంటె:
ఔన్సు మాత్రం తిరగబడి ఉంటుంది కదా?

డల్లాస్‌వంటిల్లు:
అవునండీ. అమెరికా ద్రవ ఔన్సు 29.57, బ్రిటిష్‌ది 28.41, ఔన్సులో అమెరికాదే పెద్దది. కానీ పైంటుకి ఇక్కడ 16 ఔన్సులు, అక్కడ 20. అందుకే పైంటు ఇక్కడ 473, అక్కడ 568. ఔన్సు గెలిచి గ్యాలన్ ఓడింది.

కుంచెడుజ్ఞానం:
180 అన్నారు కాబట్టి ఒక మాట. మన ఊళ్ళలో క్వార్టర్ అనే సీసా కూడా 180. ఫుల్ 750 అయినప్పుడు అందులో నాలుగోవంతు 187.5 కావాలి. పావు అని పేరు పెట్టి ఏడున్నర తగ్గించారు. నాలుగు క్వార్టర్లు కలిపినా ఫుల్ నిండదు. తవ్వ, సోలల కాలంలో ఇలాంటి పావులు నడిచేవి కావు.

అరసున్న:
అప్పుడు సొట్ట పెట్టేవారు. చర్చని ఖరము పాల దగ్గర్నుంచి ఎక్కడికో తీసుకెళ్ళారు.

ఓరుగల్లుపోరడు:
ఖరము పాలంటే యాదికొచ్చింది. గాడిదపాలు గల్లీలల్ల అమ్మెటోళ్ళు చిన్న చెంచతోనో మూతతోనో కొలుస్తరు, లీటర్లు ఎవ్వలడుగుతరు? గాడిద రోజుకిచ్చేది మహా అంటే లీటరు, అటూ ఇటు. కడివెడు నింపాలంటే పదీ పన్నెండు గాడిదలు పిండాలె. ఇయ్యాల్టి ధరకి కడివెడు ఖరము పాలున్నోడు ఆసామే. వేమన ఇప్పుడుంటే ఈ పాదం మార్చుకుంటుండె.

యతిభంగం:
మార్చే పని మీదే ఉంటే ‘గ్లాసెడైనను జాలు’ అని కూడా పెట్టుకోవచ్చు. గ్లాసెడై రగణం, ‘గ్లా’లో గకారమూ ఆకారమూ ఉన్నాయి, గం–గ్లా యతి చెల్లినట్టే. నిఘంటువు ఒప్పుకోదు గానీ ఛందస్సుకి అభ్యంతరం లేదు. పట్టికకు కూడా సుఖం, గ్లాసు 200 మి.లీ. అని రాసుకోవచ్చు.

అరసున్న:
‘పాలు’ పక్కన ‘గ్లా’ వస్తే సంయుక్తం ముందున్న ‘లు’ గురువు కాదా? హగణం (గురువు, లఘువు) ఎగిరిపోతుంది.

యతిభంగం:
వేరే పదం కదండీ. సమాసం కాదు. తెలుగులో పదం తెగినచోట ముందున్న లఘువు లఘువుగానే ఉంటుంది. ‘పాలు’, ‘గ్లాసు’ రెండూ విడివిడి మాటలు.

అరసున్న:
విడివిడి అని మీరంటున్నారు. పాడి చూడండి, నాలుక ఒత్తుతుంది.

యతిభంగం:
నాలుక ఒత్తినా లక్షణం ఒత్తదు.

సీమగెంటె:
మీరు గ్లాసు దగ్గర ఆగిపోయారు గానీ ‘గంగి’ మాట ఎవరూ ఎత్తలేదే. కొందరు గంగ నుంచి వచ్చిందంటారు. నా మటుకు గంగిరెద్దులో ఉన్నదే ఇక్కడా ఉంది. సాధువు, మచ్చిక అయింది అని. గంగిగోవు అంటే తన్నకుండా పాలిచ్చేది. తన్నే ఆవు దగ్గర గరిటెడు కూడా దక్కదు, అందుకే చిన్న కొలత వేశాడు.

ఓరుగల్లుపోరడు:
గంగ అంటే శ్రీనాథుని చాటువే ముందుగాల గుర్తొస్తది. నీళ్ళు దొరకని పల్నాట్ల నిలబడి శివుణ్ణి నిలదీసిండు, ‘పరమేశా గంగ విడుము పార్వతి చాలున్’ అని. నీళ్ళ కరువు మీద అంత మంచి కందం ఇంకోటి లేదు.

అరసున్న:
చూశారా, అక్కడ ‘చాలున్’. ‘పార్వతి’ కళ (ద్రుతం లేని మాట), కాబట్టి చకారం చకారంగానే ఉంది. వేమన దగ్గర ద్రుతం ఉంది, కాబట్టి జకారం. ఇద్దరు కవుల్నీ ఒకచోట పెడితే నా మాట తేలిపోయింది.

కుంచెడుజ్ఞానం:
మీ మాట ఎప్పుడో తేలింది. నా సిద్ధాంతం మాటేమిటి? కొలతల్లో పెద్దవి చూడండి, 4 కుంచాలు తూము, 5 తూములు ఏదుము, 10 తూములు పందుము, 20 తూములు పుట్టి. పుట్టెడు దుఃఖం అంటాం గానీ కడివెడు దుఃఖం అనం. కడివ కొలత కాదు, పాత్ర. గరిటె కూడా పాత్రే. మరి పాత్రకు నిష్పత్తి కట్టాలంటే...

తూనికలాయన:
కట్టకూడదు, అదే నేను మొదట్నుంచీ చెబుతున్నది. గరిటెడు, కడివెడు, చెంబెడు, దోసెడు, గుప్పెడు: ఇవన్నీ పాత్ర నిండా, చేతి నిండా అని మాత్రమే. గిద్దెడు, సోలెడు, మానెడు అన్నప్పుడు వెనక ముద్ర వేసిన కొలత ఉంటుంది. గరిటెడు పాలకీ గరిటెడు పిండికీ కూడా పొంతన లేదు. పాలు గరిటె వంచితే ఖాళీ అవుతాయి. గరిటెజారుడు పిండిలో కొంత బొచ్చెకే పట్టుకొని ఉంటుంది, పైన కొంత ఉబ్బుతుంది.

పాలు కొలిచే ముంచు కొలతకీ ఈ గుణమే. పొడుగు కాడ ఉన్న లీటరు కొలతను పాలలో ముంచి నిటారుగా తీయాలి, నురగ తగ్గాక అంచు చూడాలి. అప్పుడే పిండిన పాలలో నురగతో ముంచితే కొనేవాడికి నష్టం. కాడ వంచితే ఒక పక్క పొర్లుతుంది, ఇంకో పక్క వెలితి. ప్యాకెట్ పాలు నమ్మకం లేకపోతే తూచండి. అరలీటరు పాలు 515 గ్రాములు ఉండాలి, ప్లాస్టిక్ కాక.

ఆటవెలదిప్రియ:
పట్టికలో గరిటె గడి తీసేస్తున్నాను. తూము దాకా వెళ్ళాలా, కుంచం దగ్గర ఆపాలా? చెరువు తూము, ఈ తూము ఒకటేనా అని కూడా సందేహం.

సీమగెంటె:
ఒకటే అయ్యుంటుంది. తూము ఎత్తితే వదిలే నీళ్ళు కొలతగానే లెక్క కదా.

అరసున్న:
ధాన్యం తూముకీ నీళ్ళ తూముకీ మాట ఒక్కటైనంత మాత్రాన ఒకటవవు. ఆధారం ఉంటే పెట్టండి, లేకపోతే అది ఊహ.

డల్లాస్‌వంటిల్లు:
నీళ్ళ లెక్క అనుకున్నాక టీఎంసీ కూడా వేయండి, వార్తలు చదివే పిల్లలకు పనికొస్తుంది. అది ఎన్ని లీటర్లు?

తూనికలాయన:
ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఘనపుటడుగు 28.317 లీటర్లు. కాబట్టి టీఎంసీ 2,831.7 కోట్ల లీటర్లు. క్యూసెక్కు సెకనుకి ఒక ఘనపుటడుగు, సెకనుకి 28.317 లీటర్లు. ఒక టీఎంసీ ఒక్క రోజులో రావాలంటే 11,574 క్యూసెక్కులు ఆగకుండా పారాలి, వందకోట్లని 86,400తో భాగించడమే. పేపర్లలో 11,500 అని వేసేది దీన్నే.

కుంచెడుజ్ఞానం:
నా కడివ 11.5 లీటర్లు. క్యూసెక్కు అంటే సెకనుకి దాదాపు రెండున్నర కడివలు!

ఓరుగల్లుపోరడు:
కడివను ఇడిశిపెట్టవైతివి. టీఎంసీల ‘సీ’ అంటే క్యూబిక్ మీటర్లు అనుకునెటోళ్ళు శానమందున్నరు, అది రాయున్రి ముందు.

తూనికలాయన:
రాయాల్సిందే. ఘనపు మీటరుకి 35.3 ఘనపుటడుగులు. అడుగుల చోట మీటర్లు వేసుకుంటే నీళ్ళు ముప్పై అయిదు రెట్లు పెరిగిపోతాయి. 312 టీఎంసీల సాగర్ కాస్తా పదకొండు వేలు దాటుతుంది. అంత నీరు పట్టే జలాశయం కృష్ణ మీద ఎక్కడా లేదు.

యతిభంగం:
క్యూసెక్కుకి బహువచనం క్యూసెక్కులా, క్యూసెక్‌లా? ఒత్తు ఎందుకొచ్చింది?

అరసున్న:
దానికి వేరే చర్చ తెరవండి. నా దగ్గర రెండు వాదాలున్నాయి.